ముందు పరీక్ష, తర్వాతే నమ్మకం

ఆత్మవిశ్వాసం పెంచుకోమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉన్న విశ్వాసం ఎంతవరకు నిజమో సరిచూసుకోమనేవాళ్లు తక్కువ. "నాకు ఇదంతా తెలుసు", "ఆ సంగతి నేను చూసుకుంటాను", "ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలను" అని రోజూ ఎంతో ధీమాగా అంటుంటాం. ఆ మాటల్లో ఎన్నింటిని ఒక్కసారైనా పరీక్షకు పెట్టాం? ధీమా మనిషిని కొంతదూరమే తీసుకెళ్తుంది. ఆ తర్వాత నిలబెట్టేది సరిచూసుకునే అలవాటు. ఉపన్యాసాలు విన్నంత మాత్రాన ఆ అలవాటు అబ్బదు. చేత్తో ఒక పని మొదలుపెట్టి, నిక్కచ్చిగా చివరిదాకా చేస్తే అబ్బుతుంది.

అలాంటి పని ఒకటి చెబుతాను. క్యూబా, నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్ వంటి దేశాల సిగార్లను ప్రయాణంలో పాడవకుండా దాచుకునే పెట్టెను ట్రావెల్ హ్యూమిడార్ అంటారు. దుకాణాల్లో తయారుగా దొరుకుతుంది. అయినా అమెరికాలో ఈ అభిరుచి ఉన్నవాళ్లు కొందరు గట్టి ప్లాస్టిక్ పెట్టె కొని, లోపలి అమరికంతా ఇంట్లో తామే చేసుకుంటారు. అక్కడ స్థిరపడిన ఒక తెలుగు మిత్రుడితో కూర్చుని నేనూ ఈ పనిలో చెయ్యి వేశాను. అందులోని ప్రతి మెట్టూ మనిషికి ఒక మంచి అలవాటు నేర్పుతుందని నాకు గట్టిగా అనిపించింది.

ఒక మాట ముందే చెప్పాలి. పొగాకు ఏ రూపంలో ఉన్నా హానికరమే. సిగార్ పొగను గుండెల నిండా పీల్చకపోయినా నోటికీ గొంతుకూ క్యాన్సర్ ముప్పు తప్పదు. కాబట్టి తాగమని ఈ వ్యాసం చెప్పదు. ఆ విషయంలో మనకు మనం చెప్పుకునే మాటలను కూడా ఇదే పరీక్షకు పెడదాం.

ఆకు ఏం కోరుతుంది?

సిగార్ అంటే పూర్తిగా ఆకే. దాన్ని దాచే చోట గాలిలో తేమ 65 నుంచి 70 శాతం, వేడి 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ ఉంటే మంచిది. తేమ బాగా తగ్గితే పైపొర ఆకు పగులుతుంది. 75 శాతం దాటితే బూజు పట్టే ప్రమాదం. వేడి 25 డిగ్రీలకు మించితే పొగాకును తినే చిన్న పెంకుపురుగు గుడ్లు పిల్లలై, సిగార్‌కు సూది బెజ్జాలు పడతాయి.

ఇది మన పొగాకు రైతులకు కొత్త పాఠమేమీ కాదు. బ్యారన్‌లో క్యూరింగ్ అయిన వర్జీనియా ఆకును వెంటనే ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది. అందుకే తలుపులు తెరిచి, గాలిలోని తేమను ఆకు పీల్చుకుని మెత్తబడ్డాకే దించుతారు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకుతో చుట్టలు చుట్టేవాళ్లకు కూడా ఆకు మెత్తదనమే ముఖ్యం. వాళ్ల వేళ్లకు ఏళ్ల అనుభవం ఉంది. అది లేని మనం పరికరం మీద ఆధారపడాలి. పరికరం మీద ఆధారపడేవాడు ముందు ఆ పరికరాన్నే పరీక్షించాలి.

కొలిచేదాన్ని ముందు కొలవండి

గాలిలో తేమ చూపే మీటరును హైగ్రోమీటర్ అంటారు. దాన్ని సరిచూడడానికి వంటింట్లో ఉన్న ఉప్పు చాలు. ఒక సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లు కలపాలి. ఉప్పు కరిగిపోకూడదు, పైన నీళ్లు తేలకూడదు, తడిసి ముద్దగా ఉండాలి. ఆ మూతనూ మీటరునూ జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, గట్టిగా మూసి, ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి. కరగని ఉప్పు ఇంకా మిగిలి ఉన్న ఉప్పునీళ్ల పైన, మూసిన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. గదిలో వేడి కాస్త అటూఇటూ అయినా ఈ అంకె పెద్దగా మారదు. అందుకే ఇది నమ్మదగిన కొలబద్ద.

మేం రెండు మీటర్లను ఒకే కవర్‌లో పక్కపక్కనే పెట్టాం. మర్నాడు ఒకటి 71 చూపించింది, రెండోది 77. రెంటి మీదా అంకెలు ఒకేలా స్పష్టంగా ఉన్నాయి. చూడగానే ఏది ఎంత తప్పో చెప్పడం ఎవరి తరమూ కాదు. అయినా మిత్రుడు దేన్నీ పారేయలేదు. చిన్న చీటీల మీద "+4" అని ఒకదానికి, "−2" అని రెండోదానికి రాసి అంటించాడు. ఇక రెండూ పనికొచ్చేవే.

మన జీవితంలోనూ మనల్ని కొలిచే మనుషులు ఉంటారు. ఏం చేసినా మెచ్చుకునే అత్తయ్య, ఎంత చేసినా పెదవి విరిచే పైఅధికారి, పోల్చకుండా మాట్లాడలేని బావగారు. ఒకరి మాటకు పొంగిపోతాం, ఇంకొకరి మాటకు కుంగిపోతాం. లేదంటే విసుగొచ్చి ఎవరి మాటా వినడం మానేస్తాం. ఆ అవసరం లేదు. ఎవరు ఎంత ఎక్కువ చెబుతారో, ఎవరు ఎంత తక్కువ చెబుతారో తెలిస్తే ప్రతి ఒక్కరి మాటలోనూ నిజం దొరుకుతుంది. ఎప్పుడూ మెచ్చుకునే అత్తయ్య ఒకరోజు మౌనంగా ఊరుకుంటే అది పెద్ద హెచ్చరిక. ఎప్పుడూ పెదవి విరిచే అధికారి "ఫర్వాలేదు" అంటే అది నిజమైన ప్రశంస.

మన అంచనాకు కూడా ఇలాంటి తేడా ఉంటుంది. "నేను బాగా మాట్లాడతాను" అనుకునేవారు తమ మాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. "నాకు తీరిక లేదు" అనేవారు ఒక వారం పాటు గంటగంటకూ ఏం చేశారో రాసుకోవాలి. ఎంత తేడా ఉందో తెలిస్తే సిగ్గుపడాల్సిన పనిలేదు. చీటీ అంటించుకుంటే చాలు.

నష్టం లేనప్పుడే పరీక్షించండి

తర్వాత పెట్టె వంతు. మూత అంచున రబ్బరు రింగు ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టె ఈ పనికి బాగుంటుంది. కొనగానే అది గాలి చొరబడనిదని నమ్మకూడదు. మూతకూ పెట్టెకూ మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడాలి. తేలిగ్గా జారివస్తే అక్కడ సందు ఉన్నట్టే. నాలుగు వైపులా ఇలా చూశాక, లోపల పొడి టిష్యూ కాగితం వేసి, పెట్టెను నీళ్ల బకెట్‌లో పది నిమిషాలు ముంచి ఉంచాలి. కాగితం ఎక్కడ తడిస్తే అక్కడే లోపం.

ఖాళీ పెట్టెను ముంచితే పోయేదేమీ లేదు. సరుకు నింపాక లోపం బయటపడితే అన్నీ పోతాయి. ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టాలనుకునేవారు జీతం వస్తున్న రోజుల్లోనే, సెలవు దినాల్లో ఆ వ్యాపారాన్ని చిన్నగా చేసి చూడాలి. ఊరు మారాలనుకునేవారు అక్కడ ఒక నెల ఉండి చూడాలి. ధైర్యం ఉన్నవాడే ముందుగా లోపం వెతుకుతాడు.

మీ అవసరానికి తగ్గ కొలత

పెట్టె లోపల సిగార్లు దొర్లకుండా ఫోమ్‌లో గాళ్లు కోయాలి. తేమను పీల్చుకోని పాలిథిలీన్ ఫోమ్ మంచిది. దానికి కొత్త వాసన ఉంటే కొన్ని రోజులు గాలికి ఆరబెట్టాలి. సిగార్ లావును రింగ్ గేజ్‌లో చెబుతారు. ఒక గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. 50 గేజ్ సిగార్ దాదాపు 20 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. రోబుస్టో రకం సుమారు 5 అంగుళాల పొడవైతే, చర్చిల్ రకం 7 అంగుళాలు. గాడి బిగువైతే ఆకు నలుగుతుంది, వదులైతే సిగార్ కదులుతుంది. అందుకే మొదట చిన్నగా కోసి, పెట్టి చూసి, కొద్దికొద్దిగా పెంచాలి. ఎక్కువ కోసిన ఫోమ్ మళ్లీ అతుక్కోదు.

మూత లోపల పలుచని స్పానిష్ సెడార్ చెక్క అమరుస్తారు. పేరులో సెడార్ ఉన్నా అది దేవదారు జాతి కాదు, మహాగని కుటుంబానికి చెందిన సెడ్రెలా ఒడొరాటా. మన దేశంలో తూన్ అనే చెట్టు దానికి దగ్గరి చుట్టం. ఒకప్పుడు శాస్త్రవేత్తలు రెంటినీ ఒకే ప్రజాతిలో చేర్చేవారు. ఈ చెక్క తేమను పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతుంది. దాని వాసన పురుగులకు గిట్టదంటారు. అంచులను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి గానీ వార్నిష్ పూయకూడదు. పూస్తే చెక్క పని చేయదు, ఆ వాసన ఆకుకు పడుతుంది.

మిత్రుడు కోతకు ముందు తన ప్రయాణాలను లెక్క వేసుకున్నాడు. ఎక్కువగా వెళ్లేది మూడు నాలుగు రోజులకే. అందుకని ఐదు గాళ్లు చాలన్నాడు. తన జీవితం నిజంగా ఎలా గడుస్తుందో చూసి కొలత తీసుకోవడం ఎంత గొప్ప గుణం! రోజుకు గంట కూడా చిక్కనివాళ్లం మూడు గంటల దినచర్య రాసుకుంటాం, వారం తిరగకముందే వదిలేసి మనల్ని మనం తిట్టుకుంటాం. ఇరవై నిమిషాలు నిజంగా ఉంటే ఇరవై నిమిషాలకే గాడి కోయండి. సరిపోకపోతే తర్వాత పెంచుకోవచ్చు.

ఖాళీ పెట్టె, రెండు వారాలు

కొత్త చెక్క పొడిగా ఉంటుంది. వెంటనే సిగార్లు పెడితే వాటిలోని తేమనే లాగేసుకుంటుంది. అందుకని 84 శాతం తేమ ఇచ్చే ప్యాకెట్టును ఖాళీ పెట్టెలో పెట్టి, మూత మూసి, రెండు వారాలు వదిలేయాలి. తొందరపడి చెక్కను తడిగుడ్డతో తుడిస్తే అది ఉబ్బి వంకర తిరగవచ్చు. రెండు వారాల తర్వాత దాన్ని తీసి, 65 లేదా 69 శాతం ప్యాకెట్టు పెడతారు. బొవేడా వంటి కంపెనీలు అమ్మే ఈ ప్యాకెట్లలో ఉండేది లవణ ద్రావణమే. గాలి పొడిబారితే తేమ వదులుతుంది, ఎక్కువైతే పీల్చుకుంటుంది. ఉప్పు పరీక్షలో చూసిన సూత్రమే ఇక్కడ నిత్యం పనిచేస్తుంది.

ఈ రెండు వారాల్లో మనం చేసేదేమీ లేదు. మాటిమాటికీ తెరిచి చూస్తే తేమ పోతుంది. పొగ తాగే అలవాటు ఉన్నవారికి నాదొక విన్నపం. పెట్టె ఖాళీగా ఉన్న ఈ రెండు వారాలూ మీరూ పూర్తిగా మానేసి చూడండి. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలను" అనే మాటకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు. నెగ్గితే, నెగ్గినదాన్ని మళ్లీ ఎందుకు వదులుకోవాలి? అలాగే కొనసాగించండి. నెగ్గలేకపోతే అలవాటు మీ చేతిలో లేదన్న నిజం తెలిసింది. నిజం తెలిశాక దారి ఉంది. డాక్టరును కలవండి. మన దేశంలో పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహా ఇస్తారు. సహాయం అడగడం కూడా వ్యక్తిత్వ బలమే.

పొగాకుతో పనిలేని వారికి ఇదే విద్య ఇంకో చోట అక్కరకొస్తుంది. చలికాలంలో అమెరికా ఇళ్లలో హీటర్ వేడికి గాలి పొడిబారి, ఇక్కడి నుంచి తీసుకెళ్లిన వయొలిన్, వీణ వంటి చెక్క వాద్యాలు పగుళ్లు తీసే ప్రమాదం ఉంది. వాటికి దాదాపు 50 శాతం తేమ చాలు. మీటరు, ఉప్పు పరీక్ష, తగిన ప్యాకెట్టు ఉంటే పిల్లల వయొలిన్ కేసునూ ఇలాగే కాపాడుకోవచ్చు.

ఈ వారం మొదలుపెట్టండి

ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయండి. మొదటి గడిలో మీ గురించి మీరు గట్టిగా నమ్మే మాట ఒకటి రాయండి. రెండో గడిలో దాన్ని ఏ నష్టమూ లేకుండా ఎలా పరీక్షించవచ్చో రాయండి. పరీక్షకు గడువు పెట్టుకుని, ఆ గడువు దాకా ఓపిక పట్టండి. మూడో గడిలో ఎంత తేడా వచ్చిందో రాయండి. వారానికి ఒక మాట చాలు. తన తేడా తనకు తెలిసిన మనిషి పెద్దగా మాట ఇవ్వడు, ఇచ్చిన మాట తప్పడు. అలాంటివారిని ఇంట్లోవాళ్లూ తోటి ఉద్యోగులూ అడగకుండానే నమ్ముతారు.