ఎకరములో దాగిన సంఖ్య: 43,560

ఎకరమనగా 43,560 చదరపు అడుగులని మన గ్రామములలో పలువురెఱుగుదురు. కాని యీ సంఖ్య యెట్లు వచ్చినది, దీని గుణము లెట్టివి యని విచారించువారు తక్కువ. గ్రామ స్థలముల లెక్క చూడవలసిన పంచాయతీ సభ్యులకు ఈ విచారణ యుపయోగకరము.

సంఖ్య పుట్టుక

1620 ప్రాంతమున ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అను గణితవేత్త భూమిని కొలుచుటకు 66 అడుగుల గొలుసును ప్రవేశపెట్టెను. ఒక గొలుసు వెడల్పును, పది గొలుసుల పొడవును గల భూమి ఎకరము. 66ను 660 చేత గుణించిన 43,560 వచ్చును.

భాజకములు

ఇది సరిసంఖ్య. దీని అంకెల మొత్తము 18 గనుక 9 చేత నిశ్శేషముగా భాగింపబడును. ఒకటి విడిచి యొకటిగా అంకెలను కూడిన 4, 5, 0 కలిసి 9. 3, 6 కలిసి 9. రెండు మొత్తములును సమానమగుటచే 11 చేతను భాగింపబడును. ప్రధాన సంఖ్యలుగా విడదీసినచో మూడు 2లు, రెండు 3లు, ఒక 5, రెండు 11లు లభించును. దీనికి మొత్తము 72 భాజకములు కలవు. తనను విడిచి తక్కిన భాజకములను కూడిన 1,12,050 అగును. ఇట్లు ఆ మొత్తము తనకంటె అధికమైన సంఖ్యకు సమృద్ధ సంఖ్య యని పేరు.

గుంట, సెంటు

ఎకరమును 40 భాగములు చేసిన తెలంగాణములో వాడుకనున్న గుంట యగును. అది 1,089 చదరపు అడుగులు. అనగా 33 అడుగుల చతురస్రము. నూరు భాగములు చేసిన సెంటు. నూరులో రెండు 5లున్నవి. 43,560లో ఒక్కటియే కలదు. అందుచేతనే సెంటు 435.6 చదరపు అడుగులై భిన్నము మిగిలినది. ఇందొక వింత కలదు: 5 సెంట్లు 2,178 చదరపు అడుగులు, ఆ అంకెలను తిరుగవేసిన 8,712, సరిగా 20 సెంట్లు!

ఈ సంఖ్య వర్గసంఖ్య కాదు. 2లును, 5ను జతలుగా కుదురవు. కావున చతురస్రాకారపు ఎకరమునకు భుజము పూర్ణమైన అడుగులలో రాదు. సుమారు 208 అడుగుల ఎనిమిదిన్నర అంగుళములుండును.

సభ్యులు గమనింపవలసినది

చుట్టుకొలతను బట్టి భూమిని అంచనా వేయుట ప్రమాదకరము. 220 అడుగుల పొడవు, 198 అడుగుల వెడల్పు గల దీర్ఘచతురస్రము సరిగా ఎకరము. చుట్టుకొలత 836 అడుగులు. 318 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల స్థలమునకును చుట్టుకొలత 836 అడుగులే. కాని దాని వైశాల్యము 31,800 చదరపు అడుగులు, అనగా 73 సెంట్లు మాత్రమే. సమానమని తలచి మార్పిడి చేసికొన్నచో గ్రామమునకు 27 సెంట్లు నష్టము. అంతియే కాక, 660 అడుగుల పొడవును 66 అడుగుల వెడల్పును గల ఎకరమునకు కంచె వేయవలెనన్న 1,452 అడుగులు కావలెను.

నేడు దస్తావేజులలో హెక్టార్లు కనిపించినను, వాడుకలో ఎకరములు, సెంట్లు, గుంటలు నిలిచియే యున్నవి. కావున పాఠశాలకుగాని, ఇండ్ల స్థలములకుగాని భూమి నిర్ణయించునపుడు పొడవు వెడల్పులను కొలిపించి, గుణించి, 43,560 చేత భాగించి చూచిన పిమ్మటనే తీర్మానముపై సంతకము చేయవలెను.