కూలి, గుత్త, కిలో లెక్క

చిరంజీవి అమ్మాయికి పెదనాయన ఆశీస్సులు.

పదిమంది ఒకచోట చేరి పనిచేసేటప్పుడు వారి మధ్య పుట్టే పోటీ, పొత్తు, మొహమాటం, అసూయ, ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే కట్టుబాట్లు ఒక్కొక్కరి స్వభావం నుంచి వచ్చినట్టే పైకి కనిపిస్తాయి గాని, వాటిలో ఎక్కువ భాగం ఆ పనిని ఎలా పంచారు, దేనితో కొలుస్తున్నారు, ఫలితం ఎవరి పేరున జమపడుతున్నది అనే వాటిని బట్టి నడుస్తాయి. సామాజిక మనస్తత్వ శాస్త్రంలో ఈ విషయాన్ని పరిశీలించే శాఖకు సమూహ గతిశాస్త్రమని పేరు. కర్నూలు ఆఫీసులో చేరిన కొద్ది నెలలకే తోటివారిని పనిమంతులు, సోమరులు అని రెండు వరుసలుగా విడదీసిన అమ్మాయి, ఆ తీర్పును కొంతకాలం పక్కన పెట్టడం మంచిది.

ఇందుకు దూరం పోనక్కరలేదు. కర్నూలు, కడప మెట్టపొలాలలో ఒకే ఊరి ఆడకూలీలు ఒకే సంవత్సరంలో మూడు రకాల లెక్కకు పనిచేస్తారు. కలుపుతీతకు సాధారణంగా రోజుకూలి. తలా ఒక సాలు పట్టి వరుసగా ముందుకు సాగుతారు, ఎవరైనా చేతివాటం కొద్దీ నాలుగు అడుగులు ముందుకు పోతే వెనుకనుంచి ఎగతాళి వినిపిస్తుంది, ఎందుకంటే ఆమె వేగమే రేపటినుంచి అందరికీ కొలత అవుతుందని వారికి తెలుసు. కర్నూలు పల్లెలలో బుడ్డలు అని పిలిచే వేరుశనగను పీకే పనిని గుత్తకు, అంటే ఎకరానికి ఇంత అని మొత్తంగా మాట్లాడుకొని పట్టినప్పుడు, అదే గుంపు తెల్లవారకముందే చేలో దిగి, ఎవరూ చెప్పకుండానే ఒకరినొకరు తొందరపెట్టుకుంటూ, వచ్చిన సొమ్మును సమానంగా పంచుకుంటుంది. అయితే ఆ సమాన వాటా కోసమే ముసలివారిని, ఒంట్లో బాగాలేనివారిని ఆ గుంపు మెల్లగా తప్పిస్తుంది. గుత్తను పొగిడేవారు ఈ సంగతిని తరచుగా వదిలేస్తారు. ఆదోని వైపు పత్తితీతకు కిలో లెక్క. ఎవరి మూట వారిదే, ఎవరి తూకం వారిదే కాబట్టి ఎగతాళీ ఉండదు, సాయమూ అంతగా ఉండదు. మూడుచోట్లా ఉన్నది ఆ మనుషులే. మారింది కొలత మాత్రమే.

పరిశోధకులు చూసినదీ ఇంచుమించు ఇదే. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు రింగెల్మాన్ తాడు లాగించి చేసిన పరీక్షలను 1913లో ప్రచురించాడు. లాగేవారి సంఖ్య పెరిగేకొద్దీ మొత్తం బలం పెరిగినా, తలా ఒకరు పెట్టిన బలం తగ్గుతూ వచ్చిందని వాటిలో తేలింది. ఇందులో కొంత భాగం అందరి లాగుడూ ఒకే క్షణంలో కలవకపోవడం వల్ల వచ్చే నష్టమని, మిగిలినది తన వంతు విడిగా కనబడదన్న భావన వల్ల వచ్చే అలసత్వమని తరువాతివారు వేరుచేసి చూపారు. షికాగో సమీపంలోని హాథార్న్ ఫ్యాక్టరీలో 1931–32లో పద్నాలుగు మంది కార్మికులను ఒక గదిలో గమనించినప్పుడు, మరీ ఎక్కువ చేసేవాడిని, మరీ తక్కువ చేసేవాడిని, పైవారికి చాడీలు చెప్పేవాడిని ఆ గుంపు ఒకే విధంగా దూరం పెట్టినట్టు తేలింది. కలుపుతీత సాలు ముందు నిలబడి చూసినవారికి ఇందులో కొత్తేమీ ఉండదు.

గుంపులో పని తగ్గడం ఒక సమస్య అయితే, గుంపు ఒకే మాటకు తలూపడం అంతకన్న పెద్దది. అందరి మధ్య సఖ్యత చెడకూడదన్న తాపత్రయంలో అనుమానాలు బయటికి రాకుండా పోవడాన్ని అమెరికా మనస్తత్వవేత్త జానిస్ 1972లో ప్రచురించిన పుస్తకంలో విశ్లేషించాడు. వర్గాల కక్షలను తరాలుగా చూసిన ఈ సీమలో భిన్నాభిప్రాయం చెప్పడమంటే అవతలి వర్గంలో చేరడమేనన్న జంకు ఆఫీసు గదుల్లోకి కూడా వస్తుంది, కాబట్టి ఈ సమస్య ఇక్కడ రెండింతలు. దీనికి కడపలోనే ఒక మంచి విరుగుడు అమలైంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో తొలిసారి కడపకు ఉద్యోగిగా వచ్చి, 1826లో తిరిగి వచ్చాక ఒక బంగళా కొని, సొంత డబ్బుతోనూ అప్పులతోనూ పండితులను, లేఖకులను పోషించి తెలుగు కావ్యాల పరిష్కరణ పని నడిపించాడు. పరిష్కరణ అంటే ఒక కావ్యపు పలు రాతప్రతులను పోల్చి, సరైన పాఠాన్ని నిర్ణయించడం. ఆయన ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒక శుద్ధప్రతి రాయించి, పద్యాలకు సంఖ్యలు వేయించి, ఏ ప్రతిలో ఏ తేడా ఉన్నదో నమోదు చేయించేవాడు. ఆ తరువాతనే తెలుగు, సంస్కృత వ్యాకరణాలు ఎరిగిన పండితులు ఎదురెదురుగా కూర్చొని వాదించి పాఠం తేల్చేవారు. ఇందులో గమనించవలసినది క్రమం. తేడాలన్నీ ముందే కాగితం మీదికి ఎక్కాయి కాబట్టి పెద్ద పండితుడు గొంతు పెంచినంత మాత్రాన చిన్నవాడు చూసిన పాఠం మాయమయ్యే వీలు తగ్గింది, వాదం మనుషుల మీదినుంచి పద్యం మీదికి మళ్లింది.

అయితే ఈ ఏర్పాటులోనూ జమ సరిగా పడలేదు. కడప ఎర్రముక్కపల్లెలో ఆ బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో వెలసిన గ్రంథాలయం బ్రౌన్ పేరుతో ఉన్నది, అది న్యాయమే. కాని ఆ పరిష్కరణలలో ప్రధానంగా శ్రమించిన జూలూరి అప్పయ్య పేరు ఎంతమంది పాఠకులకు తెలుసునన్నది వేరే ప్రశ్న.

కాబట్టి అమ్మాయి తన సెక్షన్‌లో మొదట అడగవలసినది ఎవరు సోమరి అని కాదు, అక్కడ నడుస్తున్నది కూలి లెక్కా, గుత్త లెక్కా, కిలో లెక్కా అని. సమావేశానికి ముందురోజే ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయాన్ని రెండు ముక్కల్లో రాసి ఇచ్చేటట్టు, అందరికన్న చిన్న ఉద్యోగి కాగితాన్ని ముందుగా చదివేటట్టు పైఅధికారిని ఒప్పించగలిగితే మేలు. ఆయన ఒప్పుకోకపోతే, కనీసం అమ్మాయి చేతిమీదుగా వెళ్లే నివేదికలో ఏ పట్టిక ఎవరు తయారు చేశారో వారి పేరును ఆ పట్టిక కిందనే రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఆశీస్సులతో,
పెదనాయన,
కడప.