నక్షత్రధూళి స్ఫటికమగు విధము

నక్షత్రముల నడిమి ధూళిలో నధికభాగము ఇసుకజాతిది; కాని గాజువలె దాని యణువులకు వరుస లేదు. దానిని స్ఫటికముగ మార్చుటకు తీవ్రమైన వేడి వలయును. తోకచుక్కలో, చలిప్రదేశమున బుట్టిన మంచుగడ్డలు. అయినను 1997లో నెల్లరు కన్నులార గాంచిన హేల్-బాప్ తోకచుక్కయందు ఫోర్‌స్టెరైటను మగ్నీషియపు స్ఫటికము గానవచ్చెను. మంచులోనికి అది యెట్లు వచ్చెను?

వేడిచే ఖనిజము రూపు మారుట మన అనంతగిరి, కోదాడ ప్రాంతమువారికి క్రొత్త గాదు. మేళ్లచెరువు సిమెంటు బట్టీలలో సున్నపురాయియు బంకమన్నును సుమారు 1450 డిగ్రీల వేడికి క్రొత్త స్ఫటికములగుచున్నవి గదా!

శాస్త్రజ్ఞులు మగ్నీషియము, సిలికాను, ప్రాణవాయువు గలసిన గాజువంటి పొడిని జేసి, గాలి దీసిన కొలిమిలో 700 డిగ్రీలకు పైగా గాచి, నడుమనడుమ దానిపై పరారుణ కిరణములను బంపి పరీక్షింతురు. మొదట పది మైక్రానుల చెంత మొద్దుగానుండు గుర్తు క్రమముగ మారి, 11.2 మైక్రానులయొద్ద సన్నని శిఖరమగును. వేడి కొంచెము తగ్గించినను పట్టుకాలము మిక్కిలి పెరుగును. ఆ శిఖరమే ధూళి కాగినదనుటకు సాక్షి.

2008లో ఇ.ఎక్స్. లూపి యను బాలనక్షత్రము హఠాత్తుగ బ్రజ్వరిల్లెను. స్పిట్జర్ దూరదర్శినితో జూడగా, 2005లో లేని శిఖరము అప్పుడు గనబడెను. స్ఫటికములు మన కాలమందే యేర్పడినవన్నమాట! స్టార్‌డస్ట్ నౌక విల్ట్-2 తోకచుక్కనుండి 2006లో దెచ్చిన రేణువులందును అట్టివి గలవు. సూర్యుని చెంత గాగిన రేణువులు దూరపు చలికి ధూళిచక్రపు సుడులచే జేరెనా, గాలులచే జేరెనా యని పండితులింకను వాదించుచున్నారు. మాకు సుడుల పక్షమే సమంజసముగ దోచుచున్నది.