చుట్ట స్ప్రింగు: కల్టివేటరులోను, వైద్యంలోను

కృష్ణా మెట్ట ప్రాంతమైన ముక్త్యాల, జగ్గయ్యపేట పరిసరాలలో సున్నపురాయి విస్తారంగా ఉంది. రాళ్ళున్న చేలలో స్ప్రింగు కల్టివేటరు కర్రు రాతికి తగిలినప్పుడు, స్ప్రింగు సాగి కర్రును వెనుకకు పోనిస్తుంది. రాయి దాటగానే యథాస్థానానికి తెస్తుంది. స్ప్రింగు మరీ బిరుసైతే కర్రు విరిగే ప్రమాదముంది; మరీ మెత్తనైతే గట్టి నేలలో కర్రు తగిన లోతుకు దిగదు.

ఒకే లోహంతో చేసిన స్ప్రింగుల బిరుసుదనం తీగ మందపు నాలుగవ ఘాతానికి అనులోమంగాను, చుట్ట వ్యాసపు మూడవ ఘాతానికి, చుట్ల సంఖ్యకు విలోమంగాను ఉంటుంది. 10 మి.మీ. తీగకు బదులు 9 మి.మీ. తీగ వాడితే, మిగిలిన కొలతలు మారకున్నా బిరుసుదనం సుమారు 34 శాతం తగ్గుతుంది. చుట్లు కోసి పొట్టి చేస్తే పెరుగుతుంది.

యంత్రంలో లోపమయ్యే ఈ మెత్తదనమే వైద్యంలో ప్రాణరక్షకం. మెదడులో రక్తనాళం ఉబ్బినచోటికి 1990వ దశకం నుండి ప్లాటినం చుట్టలను సన్నని గొట్టం ద్వారా చేరుస్తున్నారు. తీగ వెంట్రుకంత సన్ననిది కనుక చుట్ట సులభంగా వంగి, పలుచని గోడపై ఒత్తిడి పెంచకుండా ఉబ్బులో ఇమిడిపోతుంది. దాని చుట్టూ రక్తం గడ్డకట్టి ఉబ్బు మూసుకుంటుంది.

కాబట్టి స్ప్రింగు మార్చేటప్పుడు పొడవు ఒక్కటే చూడక తీగ మందం, చుట్ట వ్యాసం, చుట్ల సంఖ్య పాతదానితో సరిపోల్చాలని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు తెలియజేయాలి.