కొత్త కాలేజీలో కొత్త స్నేహాలు – మదీనా నేర్పిన పాఠం



ప్రతి ఏటా మన సత్తెనపల్లి పిల్లలు టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని గుంటూరు, నరసరావుపేట, విజయవాడ కాలేజీల బాట పడతారు. ఫీజు ఎంత, హాస్టల్ ఎక్కడ, బస్సు పాస్ వస్తుందా అని పెద్దలం అన్నీ అడుగుతాం. ‘అక్కడ నీతో కూర్చుని అన్నం తినేవాళ్లు ఉన్నారా?’ అని మాత్రం అడగం. ఉపాధ్యాయుడిగా నేను చూసినంతలో, ఫీజు కట్టిన తర్వాత కూడా కొందరు పిల్లల చదువు తడబడేది ఇక్కడే.

రెండో ఏడాదిలో చేరే బిడ్డ

పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరతారు. మిగతావారంతా అప్పటికే ఏడాది కలిసి చదివి ఉంటారు. ఎవరి బెంచీ ఎవరిదో, ఎవరి జట్టు ఏదో తేలిపోయి ఉంటుంది.

మా బడిలో చదివిన ఒక అమ్మాయి ఇలాగే చేరింది. రెండు నెలలు గడిచాక వాళ్లమ్మ మా ఇంటికొచ్చి, “సార్, పిల్ల టీసీ తెచ్చేసుకుంటానంటోంది, మీరైనా చెప్పండి” అని కన్నీళ్లు పెట్టుకుంది. ఆ పిల్లను అడిగితే, “నన్ను ఎవరూ ఏమీ అనలేదు సార్. అసలు ఎవరూ పలకరించనే లేదు” అంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆమె నంబరు లేదు. మిడ్ పరీక్ష తేదీ మారిన సంగతి ఆమెకు చెప్పినవారు లేరు. ఆ ఫీజు దాతలు కట్టినది. ఆ బిడ్డ వెనక్కి వచ్చేస్తే వృథా అయ్యేది ఒక్క ఫీజేనా?

మదీనాలో జరిగింది

క్రీ.శ. 622లో మక్కా వదిలి మదీనా చేరిన ముహాజిర్లు కూడా కొత్త ఊళ్లో కొత్తవారే. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని వారి మానాన వదిలెయ్యలేదు. ఒక్కో ముహాజిర్‌ను ఒక్కో అన్సారీతో జతచేసి అన్నదమ్ములుగా ప్రకటించారు. దీన్నే ‘ముఆఖాత్’ అంటారు. సల్మాన్ ఫార్సీ (రజి)కి అబూ దర్దా (రజి) అలా సోదరుడయ్యారు.

అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, సున్నితంగా కాదని, బజారుకు దారి చూపిస్తే చాలన్నారు. అక్కడ నెయ్యి, ఎండుపెరుగు గడ్డల వ్యాపారంతో నిలదొక్కుకున్నారు. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఊరివాడు తానే ముందుకొచ్చి చెయ్యి చాచాడు. కొత్తవాడు పెద్ద సాయం ఆశించకుండా ఒక చిన్న దారి అడిగాడు.

పరిశోధన చెప్పేది

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో 1950ల్లో థియోడర్ న్యూకోంబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, వేరే కాలేజీల నుంచి బదిలీ అయి వచ్చిన 17 మంది విద్యార్థులకు ఒకే ఇంట్లో ఉచితంగా బస ఇచ్చి, వారి మధ్య స్నేహాలు ఎలా పుడతాయో గమనించారు. మరుసటి ఏడాది మరో 17 మందితో మళ్లీ చేశారు. మొదట్లో ఒకే గదిలో, పక్కపక్కన ఉన్నవారు దగ్గరయ్యారు. రోజులు గడిచేకొద్దీ ఆలోచనలు, విలువలు కలిసినవారి మధ్యే స్నేహం నిలిచింది. అంటే తొలి పరిచయానికి పక్కన ఉండటం చాలు. స్నేహం నిలవాలంటే మనసు కలవాలి, దానికి కొంత సమయం పడుతుంది. మొదటి నెలలోనే ‘నాకెవరూ లేరు’ అని తీర్పు ఇచ్చుకోకూడదు.

విద్యార్థులకు నాలుగు మాటలు

1. మొదటి కొన్ని వారాలు ఒకే బెంచీలో కూర్చోండి, ఒకే బస్సు ఎక్కండి. రోజూ కనిపించే ముఖాన్ని నవ్వుతూ పలకరించండి. తోటివారిని చూసి చిరునవ్వు నవ్వడం కూడా సదఖాయేనని ప్రవక్త (స) బోధించారు.

2. చిన్న సాయం అడగండి, మీకు తెలిసింది పంచండి. నేను చెప్పిన అమ్మాయి డిప్లొమాలో మూడేళ్లు ల్యాబులో చేతులు కాల్చుకున్నది. ఆమెకు లెక్కలు కష్టం. పక్క బెంచీ అమ్మాయికి లెక్కలు తేలికే గాని సర్క్యూట్ కలపడం రాదు. ఒకరోజు ల్యాబులో ఈమె వైరు సరిచేసి చూపించింది. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో చేరింది. నెల తిరిగేసరికి ఇద్దరూ కలిసి చదవసాగారు. మళ్లీ టీసీ మాట ఎత్తలేదు.

3. మీ అలవాట్లను దాచుకోవద్దు. జుమా నమాజు వేళ, తినేవీ తిననివీ మొదటే మామూలుగా చెప్పండి. చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. దాస్తేనే దూరం పెరుగుతుంది. మన భాషవాళ్లు, మన మతంవాళ్లు అని గిరి గీసుకోకండి. రంజాన్‌లో ఇఫ్తార్‌కు అందరినీ పిలవండి, వాళ్లు పిలిచినప్పుడు వెళ్లండి.

4. ఒంటరితనం భరించలేక దొరికిన జట్టులో చేరిపోకండి. మంచి స్నేహితుడు కస్తూరి అమ్మేవాడిలాంటివాడని, చెడ్డవాడు కొలిమి ఊదేవాడిలాంటివాడని హదీసు. ఒకరి దగ్గర పరిమళమైనా అంటుతుంది, మరొకరి దగ్గర బట్టలు కాలుతాయి. పరిచయం పేరుతో వేధిస్తే మౌనంగా ఉండవద్దు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. 1800-180-5522 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పెద్దలకు, దాతలకు

తల్లిదండ్రులు ఫోన్‌లో మార్కుల కంటే ముందు ‘ఈరోజు ఎవరితో మాట్లాడావు?’ అని అడగాలి. రెండు నెలలుగా ఒక్క స్నేహితుడి పేరు కూడా రాకపోతే ఒకసారి వెళ్లి చూడాలి.

దాతలకు నా మనవి ఒక్కటే. స్కాలర్‌షిప్ చెక్కుతో పాటు, అదే కాలేజీలో చదువుతున్న మన ఊరి సీనియర్ నంబరు కూడా ఆ బిడ్డ చేతిలో పెడదాం. అమ్మాయికి అమ్మాయినే, అబ్బాయికి అబ్బాయినే జతచేద్దాం. మొదటి వారం కాలేజీ గేటు దగ్గర ఎదురుచూసే మనిషి ఒకరుంటే చాలు. ఖర్చు లేని ఈ పని మన కాలపు ముఆఖాత్. ఇప్పుడు చదువుతున్న పిల్లల పేర్లు, కాలేజీలు ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే వచ్చే ఏడాదికే దీన్ని మొదలుపెట్టవచ్చు.

అల్లాహ్ మన పిల్లలకు మంచి చదువుతో పాటు మంచి స్నేహితులను ప్రసాదించుగాక! ఆమీన్.