పెబ్బేరులో మత్స్య కళాశాలలో చదువుకుంటున్న మనవరాలికి

వెస్ట్ మారేడ్‌పల్లి

అమ్మలూ,

నీ ఉత్తరం నానమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను, మూడోసారి తనే కళ్లజోడు వెతుక్కుని చదువుకుంది. మన నేల మీది జీవాల్ని మనమే పెంచుకుని, అమ్ముకుని, తింటేనే అవి నిలుస్తాయి, నాటుకోడి ఎక్కడికీ పోలేదుగా అని రాశావు చూడు, అప్పటినుంచీ గర్వంగానూ ఉంది, కాస్త గుబులుగానూ ఉందిరా.

కొర్రమీను మటుకు నీ మాటే నిజం. 2016లో దాన్ని రాష్ట్ర చేపను చేశారు, మృగశిర కార్తె వస్తే ఊరందరికీ అదే కావాలి, హేచరీలో గుడ్డు నుంచి పిల్ల తీసి, పెద్దవి చిన్నవాటిని మింగకుండా సైజులవారీగా వేరుచేసి సాకే రైతులు పెరిగితే చెరువుకి కాస్త ఊపిరాడుతుంది. కానీ నీళ్లమీద ఎర్రెర్రగా మెదిలే పిల్లల గుంపును, కింద పెద్దచేప కాపలా కాస్తుండగానే తోడుకొచ్చి గుంటలో వదిలినా పెంపకమనే అంటారు, అక్కడే నా బెంగ.

నీకు ఐదేళ్లప్పుడు, దసరా నాడు మన గేటు ముందుకి ఒకతను పంజరంలో పాలపిట్టను తెచ్చాడు, గుర్తుందా? చూస్తే శుభమని నేను జేబులో చెయ్యి పెట్టేలోపు నువ్వు కిందికి వంగి, "కాళ్లకి దారం ఎందుకు తాతయ్యా?" అన్నావు. ముడి పడ్డచోట చర్మం ఒరుసుకుపోయి ఉంది, రెక్కల నీలంలో చివరి ఈకలు కత్తిరించి ఉన్నాయి. అప్పటిదాకా ఏటేటా నేనిచ్చిన రూపాయలే పై ఏడు ఇంకో పిట్టకి వల వేశాయని నాకు ఆరోజు తెలిసింది. నువ్వేమో లోపలికి పరిగెత్తి మూకుడులో నీళ్లు తెచ్చి పంజరం పక్కన పెట్టావు.

రామచిలకను ఇంట్లో పెంచుకోవడాన్ని 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోనిది కూడా అందుకేనేమో తల్లీ, పంజరంలోది చెట్టుతొర్రలోంచి లాక్కొచ్చిందో, చేతుల్లో పుట్టిందో చూసి చెప్పగలవాళ్లెవరు? సాకినవాడి చేతికి వెళ్లే డబ్బు వేరు, పట్టుకొచ్చినవాడి చేతికి వెళ్లే డబ్బు వేరు, రేపు నువ్వు చేపపిల్లలు ఇప్పించేటప్పుడు ఇదొక్కటీ మరవకు.

మృగశిరకి రా. మోండా మార్కెట్‌కి ఇద్దరం వెళ్దాం, తొట్టిలో కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటూ ఉంటుంది, ఇది చెరువుదా, పెంచిందా అని నువ్వే అడుగు. నానమ్మ చింతపండు నానబెట్టి ఉంచుతుంది.

వేళకి తిను.

నీ తాతయ్య