వైద్య కళాశాల ప్రవేశ పరీక్ష: పాడి రైతుల పిల్లలకు కొన్ని సూచనలు

పాల కేంద్రం దగ్గర వినిపించే మాటల్లో దాణా ధర, వెన్న శాతం తరువాత ఇప్పుడు మూడవది "మా అమ్మాయి నీట్ రాస్తోంది" అన్నది. సంతోషించవలసిన విషయమే. అయితే మొదటిసారి ర్యాంకు రాకపోగానే పాలిచ్చే గేదెను అమ్మి లాంగ్ టర్మ్ కోచింగుకు కట్టే తల్లిదండ్రులూ ఉన్నారు. సభ్యులకు మా మనవి ఒక్కటే. అమ్మే ముందు, మీ బిడ్డకు మార్కులు ఎక్కడ పోయాయో కాగితం మీద లెక్క వేయించండి.

2025లో జరిగిన నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. జీవశాస్త్రంలో 90, భౌతిక, రసాయన శాస్త్రాల్లో 45 చొప్పున ప్రశ్నలు వచ్చాయి. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత, వదిలేస్తే ఏమీ లేదు. కాబట్టి తెలిసిన ప్రశ్నకు తొందరపడి తప్పు జవాబు గుర్తిస్తే పోయేది 4 కాదు, 5. అలాంటివి 20 ఉంటే 100 మార్కులు పోయినట్టే. ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గుర్తు పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. చివరకు మిగిలేది 1 మార్కు, అదీ అదృష్టం బాగుంటే. నాలుగు జవాబుల్లో రెండు కావని నిశ్చయంగా తెలిసినప్పుడు మాత్రం ధైర్యం చేయవచ్చు.

ఇక ముఖ్యమైన పని. సంఘంలో పాల రిజిస్టరు ఉన్నట్టే విద్యార్థి దగ్గర తప్పుల పుస్తకం ఉండాలి. పాత ప్రశ్నపత్రం రాసిన ప్రతిసారీ తప్పిన ప్రతి ప్రశ్ననూ మూడు గడుల్లో ఒకదానిలో వేయాలి: పాఠమే రాదు, వచ్చినా మరచిపోయాను, తొందరలో తప్పాను. మొదటి గడికి గురువు కావాలి. రెండవ గడికి మళ్ళీ మళ్ళీ చదవటమే మందు. మూడవ గడికి గడియారం ముందు పెట్టుకుని రాసే అలవాటు కావాలి. కోచింగు ముఖ్యంగా పనికివచ్చేది మొదటి గడికి. తప్పులన్నీ తక్కిన రెండింటిలోనే ఉంటే గేదె కొట్టంలోనే ఉండవచ్చు. ఈ లెక్క పిల్లలు నిజాయితీగా వేయాలి. తొందరలో తప్పానని రాసుకోవటం సులువు, పాఠమే రాదని ఒప్పుకోవటం కష్టం. అందుకే పక్కన ఎవరైనా ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టుకుంటే మంచిది.

జీవశాస్త్రం సగం మార్కులది. ఇక్కడ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే ఆధారం. సవరించిన తరువాత 11వ తరగతి పుస్తకంలో 19, 12వ తరగతి పుస్తకంలో 13 అధ్యాయాలు ఉన్నాయి. వీటిని వాక్యం వాక్యం చదవాలి. పాడి ఇంటి పిల్లలకు ఇందులో కొంత వెసులుబాటు ఉంది. పాలు తోడుకుంటే పెరుగులో బి12 విటమిన్ పెరుగుతుందని పుస్తకంలో ఉంది. గోబర్ గ్యాసులోని మీథేను తయారుచేసే సూక్ష్మజీవులు పశువు మొదటి పొట్టలోనూ ఉంటాయని ఉంది. ఇవి మన కొట్టంలో, వంటింట్లో రోజూ జరిగేవే కనుక త్వరగా మరచిపోరు. అయితే ఒక హెచ్చరిక. ఈనిన పశువు జున్నుపాల ద్వారా దూడకు ఎక్కువగా అందేది ఐజీజీ అనే ప్రతిరక్షకం. పాఠంలో మానవ తల్లి ముర్రుపాల గురించి చెప్పినది ఐజీఏ. ఇంటి అనుభవాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇక్కడ 5 మార్కులు పోతాయి.

భౌతిక శాస్త్రానికి చదవటం చాలదు, రోజూ లెక్కలు చేయాలి. పరీక్షలో క్యాలిక్యులేటరు అనుమతించరు. గుణకారాలు, భాగహారాలు చేత్తోనే చేసే అలవాటు మొదటి నుంచీ ఉండాలి. రసాయన శాస్త్రంలో సమీకరణాలు చూసి కాదు, చూడకుండా రాసి నేర్చుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివినవారు తెలుగు ప్రశ్నపత్రం కోరుకోవచ్చు. అందులో తెలుగుతోపాటు ఇంగ్లీషు కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. అందువల్ల కిరణజన్య సంయోగక్రియ అని చదివినప్పుడే పక్కన ఫొటోసింథసిస్ అని కూడా రాసుకోవాలి. భాష ఎంపిక దరఖాస్తు నింపేటప్పుడే జరుగుతుంది. ఇంటర్నెట్ కేంద్రంలో ఎవరో నింపుతుంటే ఊరుకోక, ఆ గడి దగ్గర విద్యార్థి స్వయంగా చూసుకోవాలి.

2025లో పరీక్ష మే నెలలో, మధ్యాహ్నం 2 నుంచి 5 గంటల వరకు జరిగింది. తెల్లవారుజామున చదివే పిల్లలకు ఆ వేళ నిద్ర ముంచుకొస్తుంది. కాబట్టి చివరి రెండు నెలలు ప్రతి ఆదివారం సరిగ్గా 2 గంటలకు కూర్చుని పూర్తి పత్రం రాయాలి. ఆ మూడు గంటలూ గడ్డికో, నీళ్ళకో పిల్లల్ని పిలవకండి. సాయంత్రం పాలు తీసే వేళకు వాళ్ళే లేచి వస్తారు.

ఇంకొక్క సంగతి. పశువైద్య కళాశాలల్లో అఖిల భారత కోటా కింద ఉన్న 15 శాతం సీట్లకు కూడా నీట్ ర్యాంకునే చూస్తారు. దానికి వేరే దరఖాస్తు, వేరే గడువు ఉంటాయి. ఎంబీబీఎస్ సీటు కోసం ఎదురుచూస్తూ ఆ గడువు దాటిపోనివ్వకండి.